హెచ్‌డీలో నా అశ్రునివాళి

తమ్ముడు తాతబాబుకి విశాఖ నుంచి అన్నయ్య వరహాలు. నేను బతికే ఉన్నాను. నా ఫోనెత్తవు కాబట్టి కార్డు రాస్తున్నాను.

మీ ఊళ్లోనూ వచ్చే మా లోకల్ ఛానల్ కూడా ఇకమీదట హెచ్‌డీలో వస్తుందని మా కేబులతను కొత్త బాక్సు పెట్టాడు. నా రిటైర్‌మెంటుకి శుభాకాంక్షలు వేయమని పిల్లలు ఫొటో ఇస్తే, ఆ దరిద్రుడు దాన్ని అశ్రునివాళిలో వేశాడు. నిలదీస్తే, "బొమ్మ ఎంత క్లియర్‌గా వచ్చిందో సూడు బావా" అంటాడు! వీధి వీధంతా దండలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. నువ్వు రాలేదు.

పరామర్శకి ఫోన్ చేసిన మరదలు దేముడమ్మ నా గొంతు విని హడలిపోయింది. "ఆయన సూసారు బావగారూ. టీవీ కట్టీసి పొలం ఎలిపోనారు" అంది. ఆ ఫొటో నాదని పోల్చుకోలేదని బొంకకు. చిన్నప్పుడు నీ కొడవలి తగిలిన గాటు కూడా నా గెడ్డం మీద స్పష్టంగా కనబడింది. గట్టు తగాదా గట్టు మీద ఉండాలి గానీ చావుదాకా తెస్తావా?

గేదె ఈనిందా? పాపకి జ్వరం తగ్గిందా? దానికీ దేముడమ్మకీ నా దీవెనలు. చచ్చానంటే రానివాడివి, బతికున్నానంటేనైనా రా.