తీపి పట్టని ఖర్బూజా

ఖీవా

అమ్మా జుమాగుల్, నువ్వూ పసిబిడ్డా కుశలమని తలుస్తాను.

బాలింతవు, రాలేకపోయావు కనుక మీ అమ్మ చివరి రోజు సంగతి రాస్తున్నాను. పొద్దున ఖర్బూజా అడిగింది. మన తోటలో అన్నిటికంటే పెద్ద కాయ కోసి ముక్క నోటికందించాను. కాస్త నమిలి పక్కన పెట్టేసింది. "తీపి తెలియడం లేదు, జుమాగుల్ నాన్నా. నాలుక చచ్చిపోయింది. ఇక నేనూ అంతే" అంది. "జ్వరం నోరు కదా, తగ్గితే తెలుస్తుందిలే" అన్నాను. ఆపైన ఏమీ తినలేదు. సాయంత్రం పోయింది.

నిన్న ఏడో రోజు భోజనాల్లో ఆ తోట కాయలే కోశాం. పక్కింటి మత్‌నియాజ్ తాత ఒక ముక్క కొరికి, "ఏం మేష్టారూ, ఖర్బూజా పెట్టావా, కాలవ నీళ్ళు ముక్కలు కోసి పెట్టావా?" అన్నాడు. "చావింట్లో నోరు కట్టుకో, ముసలోడా!" అని ఆయన భార్య కసిరింది. నేనూ ఒక ముక్క తిన్నాను. చప్పగా ఉంది. ఇంకో కాయ కోశాను. అదీ అంతే. కత్తి కింద పెట్టేశాను.

అమ్మ ఎప్పుడూ పావురాల రెట్ట, బూడిద ఎరువుగా వేసేది. ఆమె మంచాన పడ్డాక ఈ ఏడు నేను యూరియా వేశాను. పిందె పడ్డాక కూడా ఆపలేదు. కాయలు రెట్టింపు తూగాయి గాని తీపి పట్టలేదు.

పాపకు పాలు చాలుతున్నాయా? అమ్మ చేయించిన ఊయల ఇక్కడే ఉంది, అల్లుణ్ణి పంపు. ముగ్గురికీ నా దీవెనలు.

రేపు తెల్లవారగానే సమాధి దగ్గరికి వెళ్ళి, ఆమె నాలుక బాగానే ఉందని చెప్పి వస్తాను.

మీ నాన్న