ఇరవై మూడో గది బకెట్టు, శనివారం కేరియరు

కిరండోల్ రైల్వే క్వార్టర్లలో ఉంటున్న గూడ్సు గార్డు కూర్మారావు గారి కొడుకు నూకరాజు అనే నేను, ఇరవై ఒక్క ఏళ్ళు నిండి, బుద్ధి స్థిమితంగా, కడుపు నిండుగా ఉండగా, ఒకరి బలవంతం లేకుండా రాసుకున్న వీలునామా. మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు చూసి బుద్ధిని శంకించవద్దు.

సోమవారం నుంచి ఈ రైలు లైను అటు కొసన నేను చదువుతున్న విశ్వవిద్యాలయం ఆఫీసు మెట్ల మీద ఆమరణ నిరాహారదీక్షకి కూర్చుంటున్నాను. మా ఇనప గనుల అవతల అడవి ఊరు బాసగూడ నుంచి వచ్చిన సుక్కా నా క్లాసువాడు. వాడి ఊరి బడి సర్టిఫికెట్లు హిందీలో ఉన్నాయని వాడి హాస్టలు దరఖాస్తు వెనక్కి కొట్టారు. హాస్టల్లో నా ఇరవై మూడో గదిలో ఉంచుకుంటే వార్డెను వాడి పెట్టె బయట పారేసి, "ఇదేమైనా ధర్మసత్రమట్రా?" అన్నాడు. ప్రజల డబ్బుతో కట్టిన రాతి మేడ మరేంటి? సుక్కా ఇప్పుడు స్టేషన్లో పడుకుని క్లాసులకి వస్తున్నాడు.

1. ఇరవై మూడో గది ఇనప బకెట్టు సుక్కాకి. కిరండోల్ లైను నుంచి చదువుకి పోయిన మొదటివాడు కొన్నది. వెళ్ళిపోయే ప్రతివాడూ తర్వాతివాడికి అప్పగించాడు. అంచు మీద మేకుతో కొట్టిన పేర్లు ఆరు. ఏడోది సుక్కాది, నేనే కొట్టాను. విశ్వవిద్యాలయం ఇవ్వని హాస్టలు సీటు బకెట్టు ఇచ్చేసింది.

2. ట్రంకు పెట్టెడు కరపత్రాలు యూనియను గవర్రాజన్నకి. నాకు చదువు చెప్పినవి అవే. ఒక్కటి కూడా పకోడీల పొట్లాలకి పోకూడదు.

3. నన్ను "గని ఎలకా" అని పిలిచిన మెస్సు సెక్రటరీకి నా తెల్ల చొక్కా. ఖనిజం దుమ్ము పట్టి ఎర్రబడింది. ఉతికి చూడమనండి.

4. శనివారం కేరియరు. వారం వారం అమ్మ ఎర్రమ్మ అన్నం కట్టిస్తే గూడ్సు బళ్ళ మీద గార్డు నుంచి గార్డుకి చేతులు మారి హాస్టల్లో నాకు చేరుతుంది. అమ్మకి దీక్ష సంగతి తెలీదు. ఇది రాస్తుంటే వంటింట్లో నెత్తళ్ళ చేపలు వేపుతోంది. నాన్నకి ఇవాళే చెప్పాను. జెండాలు మడత పెట్టుకుంటూ కూర్చున్నాడు.

కేరియరు సుక్కా తీసుకోవాలి. నాతోపాటు పస్తుంటానంటున్నాడు, కుదరదు. తినడమే వాడి దీక్ష. తిని, కడిగి, మర్నాటి బండికి గిన్నెలు పంపాలి. ఒక్క మెతుకు మిగిలినా అమ్మ బండెక్కేస్తుంది. వచ్చి తిట్టదు, ఏడవదు. ముద్ద కలిపి పట్టుకుంటుంది. లాఠీలకి నేను భయపడను. ఆ ముద్దకి మాత్రం నోరు తెరిచేస్తాను. సుక్కా స్టేషన్లోనే ఉండిపోతాడు.

కిరండోల్, 17 జులై 1981, శుక్రవారం.
(సంతకం) నూకరాజు

సాక్షులు:
అప్పలకొండ, కేబిన్ మాన్.
కూర్మారావు, గూడ్సు గార్డు, తండ్రి. చదివి సంతకం చేశాను. గిన్నెలు ఖాళీవో కాదో నేను చూశాకే ఇంటికి చేరుస్తాను. ఎన్ని శనివారాలో మావాడు రాయలేదు.