బాపును కూసోబెట్టుడు

కామారెడ్డి,
ఆగస్టు 1940

నా సాలవ్వ వదినెకు,

నీ మరదలు దీనమ్మ ప్రేమతో రాస్తున్నది. ఈ ఉత్తరాన్ని సత్యమ్మతో ఇంట్లో చదివించుకో. చర్చి అరుగు మీద నలుగురిలో వద్దు.

మీ బాపు క్షేమమని రాయాలనే కలం పట్టాను. ఒంటికి క్షేమమే. ఎల్లారెడ్డి నుంచి తెచ్చేనాడు మీ తమ్ముడు నీకిచ్చిన మాటంతా నిలబెట్టుకున్నాడు. పొద్దున్నే వేడినీళ్ళు, సన్నబియ్యం బువ్వ, పడుకోవడానికి నవారు మంచం. "ఊరందరి మళ్ళు తడిపినవు బాపూ, ఇగ కూసో. మైసన్నను కొడుకు కూసోబెట్టి బువ్వ పెడుతుండని నలుగురు అనాలె" అంటాడు. రైల్వేలో పట్టాలు మార్చే నౌకరి దొరికిన కొడుక్కి, తండ్రి ఇంకా ఊరి మళ్ళకు నీళ్ళు వదిలే నీరటి పని చేస్తూ భుజాన పారతో బురదలో తిరగడం చిన్నతనం కదా. అందుకే ఆ పారనూ, ఆ పనినీ లింగానికి ఇప్పించి మరీ తీసుకొచ్చాడు.

కానీ వదినె, మామకు కూర్చోవడం రాదు. తెల్లవారక ముందే లేచి వేపపుల్ల నములుతూ వాకిట్లో నిలబడతాడు. ఎటు పోవాలో తోచక మళ్ళీ వచ్చి మంచమ్మీద కూలబడతాడు. అక్కడైతే తూము నుంచి చివరి మడి దాకా నడిచేవాడు. ఒక గట్టు మీద ఒకరితో మాట్లాడితే ఇంకో గట్టు మీద ఇంకొకరితో కొట్లాడేవాడు. ఎవరి మడికి నీళ్ళ వంతు ఎప్పుడో అంతా తలలోనే ఉండేది. ఇక్కడ మాకు ఒక పక్కింట్లో ఉర్దూ, ఇంకో పక్కింట్లో మరాఠీ. మామతో తెలుగులో మాట్లాడేది నేనూ, గోడ మీద కాకీ.

పోయిన నెల పెరట్లో బెండ, చిక్కుడు పెట్టాను. స్నానాల బండ దగ్గర నీళ్ళు ఊరికే పోతున్నాయని మామ విరిగిన గరిటె పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి పెరడంతా వేలెడు కాలువలు, జానెడు మళ్ళు. "ఇది బాలనర్సయ్యది. ఇది భూమక్కది, దీనికి రేపు" అని ఒక్కో మడికి మీ ఊరివాళ్ళ పేరు పెట్టాడు. నేను చిక్కుడు వాడిపోతున్నదని చెంబుతో నీళ్ళు పోస్తే ఇంతెత్తున లేచాడు. "వంతు తప్పిస్తవా? కోడలివని ఇడిసిపెడ్తననుకున్నవా?" ఆ తిట్టుకు నేనెంత సంతోషపడ్డానో నీకెట్లా చెప్పను! ఆ కాలువలు ఉన్నన్నాళ్ళూ మామ రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు, హాయిగా నిద్రపోయాడు, నీ చిన్నప్పటి అల్లరంతా చెప్పాడు.

అది మీ తమ్ముడి కంటబడింది. "మా బాపుతోని మట్టి పని చేపిస్తున్నవా? నలుగురు నా మొఖాన ఉమ్మరా?" అన్నాడు. పట్టాల పక్కన పడి ఉన్న కంకర తట్టతో తెచ్చి మళ్ళన్నీ పూడ్చేశాడు. నేను మామతో చాకిరీ చేయించే కోడలినైపోయాను వదినె. ఆ మాట ఇంకా మింగుడుపడలేదు. మరునాడు పొద్దున మామ కంకర ముందు నిలబడి, "నీళ్ళు బందయినయా?" అని నన్నడిగాడు.

నీ దీనమ్మ

*

కామారెడ్డి,
జనవరి 1941

నా సాలవ్వ వదినెకు,

మామ నన్ను సాలవ్వా అని పిలుస్తున్నాడు. బిడ్డ మీద బెంగనుకున్నాను. కాదు, నేనెవరో తెలియడం లేదు. తిన్న కంచం కడగక ముందే బువ్వ అడుగుతాడు. పగలంతా కునుకు, రాత్రంతా జాగారం. కాంపౌండరు సీసాలో మందు పోసిచ్చి ముసలితనం అన్నాడు. మా నాయనమ్మకూ వచ్చింది ముసలితనం. పోయేదాకా విస్తర్లు కుట్టింది, వచ్చేపోయే వాళ్ళందరినీ ఆపి మాట్లాడింది, తాడ్వాయిలో ఎవరి బర్రె ఎప్పుడు ఈనిందో కూడా చెప్పేది. తోడుతుంటేనే బావి ఊరేదని మనవాళ్ళు ఊరికే అన్నారా?

పోయిన వారం మామ ఇల్లు దాటి పోయాడు. రైలు పట్టాలను కాలువ అనుకున్నాడో ఏమో, వాటి వెంబడే నడుస్తున్నాడట. ఎదురుగా గూడ్సు బండి. గేటు దగ్గరి మనిషి రెక్క పట్టి లాగకపోతే ఈ ఉత్తరం వేరేలా ఉండేది. మీ తమ్ముడు ఆ రోజు తండ్రి పాదాలు పట్టుకుని ఏడ్చాడు. ఆయనకు ప్రేమ లేదని నేనెన్నడూ అనను. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తలుపుకు బయటి నుంచి గొళ్ళెం బిగించాడు.

ఆ గొళ్ళెం పెట్టేది నా చెయ్యే వదినె. నీళ్ళకు పోయినా, బజారుకు పోయినా పెట్టాలి. లోపలి నుంచి మామ మెల్లగా తడుతూ, "తలుపు తియ్యి బిడ్డా, చివరి మళ్ళు ఎండుతున్నయి" అంటాడు. కసురుకుంటే ఓర్చుకుందును. బతిమాలుతాడు. ఇక నా వల్ల కాదు.

సోమవారం మీ తమ్ముడు డ్యూటీకి పోగానే మామను ఎల్లారెడ్డి బస్సెక్కించి నేనే తెస్తాను. భర్త మాట దాటడం నాకిదే మొదలు. కొడితే పడతాను, వెళ్ళగొడితే తాడ్వాయిలో మా అమ్మ ఉంది. నువ్వు లింగంతో మాట్లాడి ఆ పార మామ చేతికి ఇప్పించు. ఊరికే వెంట తిరగనిస్తే చాలు.

నీ దీనమ్మ

*

ఎల్లారెడ్డి,
మార్చి 1941

మరదలు దీనమ్మకు సాలవ్వ రాపిచ్చునది,

నేనన్నది అన్నట్టే రాయమని సత్యమ్మకు ఒట్టు పెట్టిన. బాపును నా ఇంట్ల ఇడిసి నువ్వు ఏడ్సుకుంట బస్సెక్కినవు. తమ్ముడు నిన్ను కొట్టలేదని, మాట మాత్రం ఆడుత లేడని తెలిసింది. గది దెబ్బ కన్న తక్కువేం గాదు.

నీకు అబద్ధం రాపియ్య. బాపు బాగు గాలే. మనం ఆలిశం జేసినం. పొద్దుగాల పార పట్టుకొని లింగం ఎంబడి పోతడు, కడుపు నిండ తింటడు, గట్టు మీద ఆడోళ్ళతోని మళ్ళ కొట్లాడుతుండు. గది సాలు నాకు. కని ఆయన చెప్పే వంతులు ఎప్పుడో సచ్చినోళ్ళ వంతులు. ఆయన తెరిసిన కాలువలు లింగం ఎనుక నుంచి మూసుకుంట వస్తడు. నన్ను వాళ్ళ తల్లి అనుకొని అవ్వా అంటడు.

నిన్న తమ్ముడు వచ్చిండు. నేను మడిల కలుపు తీస్తున్న. నౌకరి బట్టలతోనే గట్టు మీద నిలవడి, "మా బాపును మళ్ళ బురదల తిప్పుతున్నరా? ఇప్పుడే తీస్కపోత" అని ఒర్రిండు. తమ్ముడు బాపు ముంగటికి పోయి, "బాపూ, నేను అబ్రాహామును. ఇంటికి పోదాం పా" అన్నడు.

బాపు పార నేలకు ఆనిచ్చి వాని మొఖం దిక్కు సూసిండు. సానాసేపు సూసిండు. "నీ మడి ఏది?" అని అడిగిండు.

బాపు వాని భుజం మీద చెయ్యేసి, "పరేషాన్ గాకు బిడ్డా. నీ వంతు ఇంక రాలే. గట్టు మీద కూసో" అన్నడు.

కూసున్నడు మరదలా. గా బట్టలతోనే తడి గట్టు మీద కూసున్నడు. లేవబోతె బాపు "కూసో" అన్నడు, మళ్ళ కూసున్నడు. పొద్దుమూకినంక లేసి పారకున్న మట్టి కడిగి లింగానికిచ్చి, "రేపు గూడ బాపుకే ఇయ్యి" అన్నడు. ఇంటికి పోంగనే గొళ్ళెం ఊడవీకుతనన్నడు. వీకిండా? లేకుంటె నాకు రాయి, నేనే వస్త.

పోయేటప్పుడు నా రెక్క పట్టుకొని, "అక్కా, నా వంతు ఎప్పుడో బాపును జర అడుగుతవా?" అన్నడు.

పొద్దుగాల లేసి, అబ్రాహాము వంతు ఎప్పుడని అడిగిన. "ఎవలిది?" అన్నడు బాపు.

నీ వదినె సాలవ్వ
(వేలిముద్ర)