వంటింటి ఖిడ్కీ

సింధూ,

వేళకు తింటున్నాను, నా గురించి దిగులు పెట్టుకోకు. నిన్న చిట్యాలలో మన కొత్తింటికి ముగ్గు పోశారు. ఆర్కిటెక్ట్ తస్లీమా కొలతలు చెప్తుంటే మేస్త్రీ గీతలు పోశాడు. నల్లమట్టి మీద తెల్లటి ఇల్లు, గోడలు లేవు, పైన అంతా ఆకాశమే. గడప గీత దగ్గర నాకు తెలియకుండానే చెప్పులు విడిచాను. గోడ గీత దాటకుండా, తలుపు ఉన్నచోట తిరిగి వంటింట్లోకి వెళ్లాను.

అక్కడ తస్లీమా అడిగింది, "అన్నా, వదిన పొయ్యికాడ నిలవడితే ఖిడ్కీలకెల్లి ఏం కనవడాలె?"

"ఏమో, ఎన్నడు చెప్పలే" అన్నాను.

"నువ్వు అడిగినవా?"

లేదని తల ఊపాను. "అయితే వదిన చెప్పినంకనే ఖిడ్కీ" అని కాగితం మీద వంటింటి గోడలు కిటికీ గీయకుండా వదిలేసింది.

వాళ్లు వెళ్లాక నువ్వు నిలబడే చోట చాలాసేపు నిలబడ్డాను. తూర్పున పత్తి చేను, దక్షిణాన బడికి పోయే బాట. రెండు దిక్కుల నుంచీ గాలి వచ్చింది.

సాహితి దగ్గు తగ్గిందా? కషాయం పట్టించావా? నేల నుంచి నీ మోచేతి దాకా దారంతో కొలిచి దాచు, వంటగట్టు ఎత్తుకు కావాలట. అత్తమ్మకు దండాలు, సాహితికి ముద్దులు.

ఫోన్‌లో అడగడానికి సిగ్గయింది, అందుకే కార్డు. ఈ పదకొండేళ్లూ నువ్వు నూనె మరకల గోడను చూస్తూ వండావని నిన్న అక్కడ నిలబడ్డాకే తెలిసింది. ఏం కనబడాలో రాయి.

నీ మధుకర్