లేవని ముల్లు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. కోస్గిల అన్న నీ ఏడాది మాసికం పెడుతుండు. నాకు సెలవు దొరకలే. హైదరాబాదు నుంచి మద్రాసుకు విమానం తోలే పని పడ్డది.

పైకి లేసేటందుకు విమానం రన్‌వే మీద జోరుగ ఉరుకుతాంది గని, నా ముందున్న వేగం ముల్లు లేస్తలేదు. "ఆపుండ్రి సార్" అన్న. పక్కనున్న కెప్టెన్ ఎంటనే బ్రేకులు తొక్కిండు. వేగం కొలిచే బయటి గాలి గొట్టంల కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టిందట. బాగుచేసేసరికి మధ్యాహ్నమైంది.

ప్రయాణికులల్ల ఒకాయన నల్లగొండ బట్టల వ్యాపారి. అది బాగుచేస్తుండంగ నా దగ్గరికొచ్చి, "మా అమ్మ మద్రాసు పెద్ద దవాఖానల ఆఖరు మీదున్నది సార్. జర జల్ది పోదాం" అన్నడు. ఆపుమన్నది నేనే అని ఆయనకు చెప్పలే. నీకు పానం బాగలేదని టెలిగ్రామొచ్చిన నాడు నేను గూడ గట్లనే ఉరికొచ్చిన. అప్పటికే నిన్ను మట్టిల పెట్టిన్రు.

మద్రాసుల దిగినంక కెప్టెన్ నా భుజం తట్టి, "అందరి పానాలు కాపాడినవు" అన్నడు. నేను తల దించుకున్న.

సాయంత్రం ఆ దవాఖాన గేటు దాక పోయిన బాపూ. ఆ తల్లి కొడుకును చూసుకున్నదో లేదో అడుగుదామనుకున్న. అడగలేక మర్లొచ్చిన.

నీ చిన్నోడు