వంతెన మీద రెండు రాళ్ళు

ప్రియమైన ఎదురుచుక్కకి,

పెళ్ళికి ముందు నువ్వు మీ ఊరి నుంచి, నేను మా ఊరి నుంచి పరుగు మొదలుపెట్టి కాలువ వంతెన దగ్గర కలుసుకునేవాళ్ళం. ఆ బల్లపరుపు నేల మీద మనిషి మనిషిలా కనపడటానికి చాలా ముందే చుక్కలా కనపడతాడు. ఆ చుక్క నువ్వో కాదో తేలేదాకా నా గుండె కాళ్ళకంటే ముందు పరుగెత్తేది. ఈ పట్నంలో ఎవరూ చుక్కలా కనపడరు. సందు మలుపు తిరగ్గానే మొహం మీదకొచ్చి పడతారు.

ప్రెస్సులో పని దొరికింది. కరపత్రాలు మడతపెట్టి కట్టలు కట్టాలి. మడతపెట్టే ముందు చదువుతున్నానని మేస్త్రీ తిట్టాడు. "చదవకుండా మడతపెట్టే చేతులు ఉన్నంతకాలం ఈ లోకం మారదు" అన్నాను. "లోకం సంగతి తర్వాత, ముందు ఆ కట్ట తలకిందులుగా కట్టావు చూడు" అన్నాడు. చూస్తే నిజమే.

పొద్దున్నే గోదాం గోడ చుట్టూ పరుగెడుతున్నాను. "ఏం పోగొట్టుకున్నావు బాబూ, రోజూ వెతుకుతున్నావు" అంటాడు వాచ్‌మన్. వాడికి ఏమని చెప్పను?

మాట మీదే ఉన్నాను. మధ్యాహ్నపు ఎండలో కాసేపు విశ్రాంతి అడిగినందుకు ఇటుకబట్టీ నుంచి గెంటేసిన మనవాళ్ళందరినీ తిరిగి తీసుకునేదాకా మన ఊరి నేల మీద అడుగు పెట్టను. బట్టీ గేటు ముందు అందరూ వింటుండగా అన్న మాట. నువ్వు మాత్రం పరుగు ఆపకు. వంతెన చేరగానే గోడ మీద రాయి పెట్టి వెనక్కి తిరగడం మన నియమం కదా, నీ రాయి పక్కన నా రాయి కూడా పెట్టు. దారి సంగతులు ఏ ఊరివి ఆ ఊరివి వివరంగా రాస్తూ ఉండు.

నీ
చుక్క

*

ప్రియమైన చుక్కకి,

అత్తయ్య ముందు "మీరు", ఉత్తరంలో "నువ్వు". సమానత్వం అని నువ్వు పెట్టిన రూలే. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ "వాడు తింటున్నాడా అని అడుగు" అంటోంది అత్తయ్య. అడిగాను.

కుట్టుపని మొదలుపెట్టే వేళకి తిరిగొచ్చేలా వెళ్తున్నాను. పాలకేంద్రం ఊళ్ళో క్యాన్ల చప్పుడు, కుక్కల ఊళ్ళో కుక్కలు. ఆ బొల్లిది ఊరి చివరిదాకా వెంటపడి, పొలిమేర రాగానే డ్యూటీ అయిపోయినట్టు ఆగిపోతుంది. తర్వాత ఇక నేలా ఆకాశమూ తప్ప ఏమీ లేదు. రెండు రాళ్ళూ పెట్టాను. నీది కొంచెం ముందుకి, ఎప్పుడూ గెలిచింది నువ్వేనని వాదిస్తావుగా.

ఒక మాట. ఎదురుగాలిలో బయల్దేరి, ఇంటికొచ్చేటప్పుడు గాలిని వీపున పెట్టుకోవాలని నాకు నేర్పింది నువ్వే. నువ్వు ఊరు వదిలిన రోజు గాలి నీ వీపునే ఉంది. అంత కోపంలో నీకు తెలిసినట్టు లేదు.

నీ
ఎదురుచుక్క

*

ప్రియమైన చుక్కకి,

ఈసారి ఆలస్యమైంది. వంతెన అవతల వంకరస్తంభం ఊరిదాకా వెళ్ళొస్తున్నాను. అక్కడ మూలింట్లో ఒక ముసలమ్మ ఉంది. ఎడమ మోకాలు పట్టేస్తుందట, గుమ్మంలో కాలు చాపుకుని కూర్చుంటుంది. ఆవిడ కోడలు నీలం దారంతో దిండుగలీబు మీద నెమలి కుడుతోంది. నెమలికి మెడ కుదరలేదు, నేను విప్పి సరిచేశాను. కుక్కల ఊళ్ళో బొల్లిది ఈనింది, పిల్లలన్నీ నల్లవే. పిల్లల్ని వదిలి ఇప్పుడు నా వెంట రావడం లేదు.

సాయంత్రం బట్టలు తీసేటప్పుడు నీ చొక్కా కోసం చెయ్యి దానంతటదే దండెం చివరికి పోతుంది. తమాషా.

నీ
ఎదురుచుక్క

*

ఎదురుచుక్కకి,

"ప్రియమైన" అని ఎందుకు రాయలేదో చదివితే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరాలు వరసగా పెట్టుకుని చదివాను. పరుగెత్తే మనిషికి గుమ్మంలో ముసలమ్మ కనపడుతుంది, ఒప్పుకుంటాను. ఆవిడకి పట్టేసేది ఎడమ మోకాలని ఎలా తెలుస్తుంది? దారం రంగు ఎలా తెలుస్తుంది? నెమలి మెడ విప్పి కుట్టేదాకా వెళ్ళిందంటే అక్కడ చాప వేసుకుని కూర్చున్నావన్నమాటే. నువ్వు పరుగెత్తడం లేదు. నడుస్తున్నావు.

వంతెన దగ్గర తిరగాలన్న నియమమూ పోయింది. ఇన్ని ఊళ్ళు ఒక్కదానివే నడుస్తున్నావా, తోడెవరైనా ఉన్నారా? ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను, దాచుకోవడం నా పద్ధతి కాదు.

ఇక్కడ నేను గోడ చుట్టూ తిరుగుతూ నీ దారే పరుగెడుతున్నాను. ఈ మలుపు పాలకేంద్రం, ఈ గొట్టం వంకరస్తంభం అనుకుంటూ. నువ్వు ఆగిపోతే నేను ఎవరి వెంట పరుగెత్తాలి? ఒక మనిషి తన మాట కోసం అన్నీ వదులుకుని కూర్చుంటే, వాడి ఇంటిది కాసేపు పరుగెత్తలేదా?

చుక్క

*

ప్రియమైన మీకు,

అవునండీ, నడుస్తున్నాను. తోడు కూడా ఉంది. అత్తయ్య. పాలకేంద్రం దాకా వచ్చి, "నా వల్ల కాదే తల్లీ" అని అక్కడి అరుగు మీద కూర్చుంటుంది. కోపం తీరిందా? అయితే ఇక "నువ్వు".

నువ్వు వెళ్ళిన కొత్తలో కుక్కల ఊళ్ళో ఒకావిడ చెంబుతో నీళ్ళు పట్టుకుని నా వెనక పరుగెత్తుకొచ్చింది. ఆవిడ మొగుడినీ బట్టీ నుంచి తీసేశారు. ఆగాను. "మీ ఆయన బంగారం లాంటి మాటలు చెప్పేవాడమ్మా, మేం జవాబు చెప్పేలోపు పొలిమేర దాటేవాడు" అంది. ఆ రోజు నుంచి ఎవరు పిలిచినా ఆగుతున్నాను.

ముసలమ్మ కొడుకు బట్టీలోనే ఉన్నాడు, వాణ్ణి తీసెయ్యలేదు. అలాంటివాళ్ళ ఇళ్ళకే ఎక్కువ వెళ్ళాను. నేను చెప్పింది తక్కువ, కుట్టింది ఎక్కువ. ఒక మధ్యాహ్నం, ఎండ నడినెత్తికి రాగానే, లోపలివాళ్ళందరూ అచ్చులు కింద పెట్టి ఇటుకల దొంతర నీడలో కూర్చున్నారు. ఒక్కరూ అరవలేదు. ఎండ దిగాక లేచి పని చేశారు. మర్నాడూ అంతే. యజమాని అరిచాడు, బతిమాలాడు. వానలు వచ్చేలోపు ఇటుక కాలాలి, ఇక ఏం చేస్తాడు? మధ్యాహ్నం విశ్రాంతి ఒప్పుకున్నాడు. తీసేసినవాళ్ళందర్నీ సోమవారం నుంచి రమ్మన్నాడు. ముందే రాస్తే నువ్వు కరపత్రం వేసి పంపేవాడివి, అందుకే రాయలేదు.

అందర్నీ అన్నాను కదా. "ఆ పరుగుల పిల్లాడు తప్ప" అన్నాడట.

ఇప్పుడు నువ్వే చెప్పు. "మనవాళ్ళందరినీ" అని గేటు ముందు అన్నప్పుడు అందులో నువ్వు కూడా ఉన్నావా? ఉంటే అక్కడే ఉండు. నీ మాట తప్పించిన మనిషిని కాలేను. కానీ నీ రాయి ఇక నేను పెట్టను. అది పెట్టగానే, నువ్వు వచ్చి వెళ్ళినట్టే అనిపిస్తుంది. నీ అడుగుల కోసం దుమ్ములో చూస్తాను. రోజూ చూస్తున్నాను. ఇక చాలు.

నీ
ఎదురుచుక్క

*

ప్రియమైన ఎదురుచుక్కకి,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. వంతెన గోడ మీద, నా రాయి కింద పెడుతున్నాను. గాలికి పోకుండా.

రైల్లో దారి పొడుగునా అదే ఆలోచించాను. ఆ "అందరి"లో నన్ను నేను కలుపుకున్నానో లేదో గుర్తు రాలేదు. కలుపుకుని ఉంటే తీసేశాను.

మీ ఊరి స్టేషన్లో దిగి, ఒకప్పుడు నువ్వు వచ్చిన దారినే వచ్చాను. మొత్తం ఎదురుగాలే. వంకరస్తంభం ఊళ్ళో ముసలమ్మ గుమ్మం ముందు ఆగాను. "ఎవరు బాబూ?" అంది. ఇన్నేళ్ళు పక్కనే వంతెన దాకా పరుగెత్తాను, ఆవిడకి నా మొహం తెలీదు. కోడలు చెబితే, "ఓహో, ఆగడం వచ్చా ఇతనికి?" అని చాప వేయించింది. నెమలిని చూశాను. మెడ బాగుంది.

బట్టీలో నాకు పని లేదు. పాలకేంద్రంలో క్యాన్లు మోసేందుకు మనిషి కావాలని ఆవిడ కొడుకు చెప్పాడు. రేపు అడుగుతాను. మీ అత్తాకోడళ్ళిద్దరూ నవ్వకుండా ఉంటే చాలు.

వంతెన కింద నీడలో కూర్చుని ఇది రాస్తున్నాను. కాళ్ళు బొబ్బలెక్కాయి, బూట్లు విప్పేశాను. నువ్వు ఈ రోజు వస్తావో రావో తెలీదు. రాకపోతే ఇంటిదాకా నేనే వస్తాను, కాకపోతే కుంటుతూ.

అటు దూరంగా ఒక చుక్క కనపడుతోంది. ఇంతసేపట్నుంచీ చూస్తున్నా పెద్దదవడం లేదు.

పరుగెత్తడం లేదు, నడుస్తోంది. అయితే నువ్వే.

నీ
చుక్క