బువ్వ పాట

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మిర్యాలగూడలో నీ మైక్ సెట్ షాపు మూయలేదు, నేనే నడుపుతున్నాను. నిన్న గరిడేపల్లిలో ఒక పెళ్లికి బాక్సులు పెట్టాను. వంటలు సిద్ధమై గంటయినా ముసలివాళ్లెవరూ కుర్చీల్లోంచి కదలలేదు. చివరికి పెళ్లికొడుకు నాయనమ్మ నన్ను పిలిచి అడిగింది.

"ఏం బిడ్డా, మీ నాయిన బువ్వ పాట ఇంక పెట్టకపోతివి? గది రాకుండ ఎట్ల లేస్తం?"

ఆమె అడిగింది నీ రష్యా గ్రామఫోన్ రికార్డు గురించే. "దీనికి ఎవ్వడూ చిందేసి ఎగరలేడు బిడ్డా, గిది పెడితే అందరూ తిననీకి లేస్తరు" అంటూ ప్రతి పెళ్లిలో భోజనాల వేళకు దాన్నే పెట్టేవాడివి.

దాని మీది రష్యన్ అక్షరాలను మొన్న ఫోన్‌తో చదివించి, పాడినాయన గురించి వెతికాను. అది టాంగో అట నాయినా, ఆడామగా జంటగా ఆడే డాన్స్ పాట! ఆయన హోటళ్లలో పాడి పేరు తెచ్చుకున్నాడు. రష్యా సర్కారు ఆయన పాటలు వద్దంది. జనం మాత్రం వాడేసిన ఎక్స్‌రే ఫిల్ములను రికార్డుల్లా గుండ్రంగా కోసి, వాటి మీద ఆ పాటలు ఎక్కించుకుని చాటుగా విన్నారు. చివరికి ఆయన్ను జైల్లో పెట్టారు, అక్కడే చనిపోయాడు.

రికార్డు అరిగిపోయింది కాబట్టి ఫోన్‌లో వెతికి ఆ పాటే పెట్టాను. ఆయన గొంతు వినపడగానే ముసలివాళ్లంతా లేచి చేతులు కడుక్కున్నారు.

చాలా రోజుల తర్వాత నాకూ ఆకలేసింది.